ఒక స్టెంటా, రెండా? నాళం చీలే చోట పూడికకు ఏ పద్ధతి మేలు?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. 15 ఏళ్లుగా మధుమేహం ఉంది, బీపీ కూడా ఉంది. రెండు నెలలుగా మెట్లెక్కినా, కాస్త వేగంగా నడిచినా ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. కూర్చుంటే రెండు మూడు నిమిషాల్లో తగ్గుతోంది. మందులు మొదలుపెట్టాక కొంత నయమే గానీ పూర్తిగా పోలేదు. ఖమ్మంలో యాంజియోగ్రామ్ చేశారు. ఎల్‌ఏడీలో (గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే ప్రధాన నాళం) 85 శాతం, దాని నుంచి చీలే మొదటి డయాగ్నల్ మొదట్లో 80 శాతం పూడిక ఉందనీ, ‘మెడీనా 1,1,1 బైఫర్కేషన్’ (నాళం చీలే చోటు) అనీ, క్యాల్షియం ఓ మోస్తరుగా ఉందనీ రిపోర్టులో రాశారు. మిగతా నాళాల్లో చెప్పుకోదగ్గ పూడికలు లేవు. గుండె పంపింగ్ 55 శాతం, క్రియాటినిన్ 1.4. డయాగ్నల్ సైజు 2.5 మిల్లీమీటర్లనీ, అందులో పూడిక పొడవు 6 మిల్లీమీటర్ల దాకా ఉందనీ అడిగితే చెప్పారు. అక్కడి డాక్టరుగారు ఒక స్టెంటు వేసి, అవసరమైతేనే రెండోది వేస్తామన్నారు. హైదరాబాద్‌లో చూపిస్తే, మొదటే రెండు స్టెంట్లు ‘డీకే క్రష్’ పద్ధతిలో వేయాలనీ, నాళం లోపల కెమెరాతో చూసి వేస్తామనీ అన్నారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు రెండు స్టెంట్లే మెరుగని తేలిందంటూ పరిశోధన పత్రాలు పంపాడు. ఖమ్మంలో చెప్పినది పాత పద్ధతా? ఒక స్టెంటే వేయించుకుంటే రెండోది తర్వాత వేయడానికి వీలుంటుందా? ఆలోచించుకోవడానికి పది రోజులు ఆగితే ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం: మీరు రాసిన వివరాల మేరకు, ఖమ్మం డాక్టరుగారు చెప్పిన పద్ధతితో మొదలుపెట్టడమే మీ నాన్నగారికి తగినదని నా అభిప్రాయం. అది పాతబడిన పద్ధతి కాదు, ఖర్చు తగ్గించడానికి చెప్పేదీ కాదు. నాళాలు చీలే చోట వచ్చే పూడికల గురించే 2004 నుంచి పనిచేస్తున్న యూరోపియన్ బైఫర్కేషన్ క్లబ్ ఈ రోజుకీ ఎక్కువ మంది రోగులకు దాన్నే మొదటి మార్గంగా సూచిస్తోంది. హైదరాబాద్ డాక్టరుగారు చెప్పిన రెండు స్టెంట్ల పద్ధతి తప్పని నేను అనను. అయితే దాని పక్షాన ఉన్న గట్టి ఆధారాలు మీ నాన్నగారి పూడిక కంటే జటిలమైన పూడికలున్న రోగుల నుంచి వచ్చాయి. హైదరాబాద్ డాక్టరుగారు చెప్పిన రెండో మాట, అంటే నాళం లోపలికి చూస్తూ స్టెంటు వేయడం, మాత్రం మీరు వదులుకోకూడనిది. ఖమ్మంలో చెప్పిన పద్ధతి, హైదరాబాద్‌లో చెప్పిన పరికరం ఒకే క్యాథ్ ల్యాబ్‌లో (యాంజియోగ్రామ్ చేసి, స్టెంటు వేసే గది) దొరికితే నేను దాన్నే ఎంచుకుంటాను. యాంజియోగ్రామ్ సీడీ చూడకుండా రాస్తున్న సమాధానం కనుక తుది నిర్ణయం దాన్ని కళ్లారా చూసిన వైద్యుడిదే. ఆయన్ను ఏమేం అడగాలో మీకు తెలియడానికి కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఈ చోటు ఎందుకు చిక్కయినదో చూద్దాం. తిన్నగా సాగే నాళంలో రక్తం ఒకే తీరుగా పారుతుంది. రెండు పాయలుగా చీలే చోట మాత్రం చీలిక అంచుకు ఎదురుగా ఉండే గోడల వద్ద ప్రవాహం మందగిస్తుంది. కొవ్వు పేరుకోవడం సాధారణంగా ఆ గోడల మీదే మొదలవుతుంది. అందుకే యాంజియోప్లాస్టీ చేయించుకునే ప్రతి వంద మందిలో 15 నుంచి 20 మందికి పూడిక ఇటువంటి చీలిక దగ్గరే ఉంటుంది. రెండో చిక్కు సైజులది. చీలికకు ముందు నాళం లావుగా ఉంటుంది, చీలిన వెంటనే సన్నబడుతుంది. రెండు పాయల వ్యాసాలను కూడి 0.678తో గుణిస్తే చీలికకు ముందున్న నాళం వ్యాసం దాదాపుగా వస్తుందని ఫ్రాన్స్‌కు చెందిన ఫినె బృందం ఒక సూత్రం చెప్పింది. చీలిక తర్వాత ఎల్‌ఏడీ 2.75 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. మీ నాన్నగారి డయాగ్నల్ 2.5. కూడితే 5.25, గుణిస్తే సుమారు 3.56. అంటే 2.75 సైజు స్టెంటు చీలికకు అవతల సరిగ్గా అమరినా, ఇవతల గోడకు ఆనకుండా దాదాపు 0.8 మిల్లీమీటరు వదులుగా నిలుస్తుంది. గోడకు ఆనని స్టెంటు తీగల చుట్టూ గడ్డ కట్టే ముప్పు ఉంటుంది. ఈ ఒక్క లెక్కను డాక్టరు ఎలా పరిష్కరిస్తారన్నదే స్టెంట్లు ఒకటా రెండా అన్నదాని కంటే చాలాసార్లు ఎక్కువ ముఖ్యం.

రిపోర్టులోని ‘1,1,1’ గురించి కూడా తెలుసుకోండి. స్పెయిన్ వైద్యుడు మెడీనా 2006లో ఇచ్చిన వర్గీకరణ అది. మొదటి అంకె చీలికకు ముందున్న ప్రధాన నాళానిది, రెండోది చీలిక తర్వాతి ప్రధాన నాళానిది, మూడోది పక్క పాయది. సగానికి పైగా పూడిక ఉంటే 1, లేకుంటే 0. పక్క పాయలోనూ ప్రధాన నాళంలోనూ పూడిక ఉన్న 1,1,1, 1,0,1, 0,1,1 రకాలను నిజమైన బైఫర్కేషన్లు అంటారు. చాలామంది 1,1,1 అన్న అంకెలు చూడగానే ఇక రెండు స్టెంట్లు తప్పవనుకుంటారు. అది సరికాదు. పక్క పాయలో పూడిక ఎంత పొడవుందో, క్యాల్షియం ఎంతుందో, రెండు పాయల మధ్య కోణం ఎంతో, ఆ పాయ ఎంత మేర గుండె కండరానికి రక్తం ఇస్తోందో ఈ మూడంకెలు చెప్పవు. నిర్ణయానికి కావలసినవన్నీ అవే. పక్క పాయలోని పూడిక పొడవును అసలు రాయని రిపోర్టులు తరచుగా కనిపిస్తుంటాయి. మీరు అడిగి తెలుసుకోవడం మంచి పని.

ఇక ఒక స్టెంటు పద్ధతి. దీన్ని క్యాథ్ ల్యాబుల్లో ‘ప్రొవిజనల్’ అంటారు. రెండు పాయల్లోకీ సన్నటి వైర్లు పంపి, ప్రధాన నాళాన్ని బెలూన్‌తో సిద్ధం చేసి, అవతలి సైజుకు సరిపడే స్టెంటును ఎల్‌ఏడీలో చీలిక మీదుగా వేస్తారు. ఆ తర్వాత పొట్టి, లావు బెలూన్‌ను చీలిక అంచు దాకా తెచ్చి, స్టెంటు ఇవతలి భాగాన్ని గోడకు ఆనేలా పెంచుతారు. దీనికి ‘పాట్’ అని పేరు. పైన చెప్పిన 0.8 మిల్లీమీటరు లోటును పూడ్చేది ఇదే. దీన్ని చేయకుండా వదిలేస్తే పద్ధతి ఏదైనా పని సగంలో ఆపినట్టే. ఇప్పుడు పక్క పాయ ద్వారం మీద స్టెంటు తీగలు కిటికీకి ఊచల్లా అడ్డంగా ఉంటాయి. రక్తం ఆ సందుల్లోంచి బాగానే పారుతూ, నొప్పి గానీ ఈసీజీ మార్పు గానీ లేకపోతే అక్కడితో ఆపవచ్చు. ప్రవాహం మందగించినా, పాయ గోడ చిట్లినా, ద్వారం బాగా నొక్కుకుపోయినా, వైరును స్టెంటు తీగల మధ్య నుంచి, చీలిక అంచుకు అతి దగ్గరగా ఉన్న సందులోంచి, మళ్లీ పాయలోకి పంపుతారు. రెండు బెలూన్లను పక్కపక్కనే ఒకేసారి ఉబ్బిస్తారు. దీన్ని ‘కిస్సింగ్ బెలూన్’ అంటారు. మళ్లీ పాట్ చేస్తారు. అప్పటికీ కుదరకపోతే అదే పూటలో రెండో స్టెంటు వేస్తారు. అంటే ఖమ్మం డాక్టరుగారు రెండో స్టెంటును కాదనలేదు. అవసరం కళ్ల ముందు కనిపించినప్పుడే వేస్తానన్నారు.

ఇక్కడే ఒక విషయం చెప్పాలి. ప్రధాన నాళంలో స్టెంటు విచ్చుకోగానే చీలిక అంచు పక్కకు జరిగి, పాయ ద్వారం సన్నగా కనిపిస్తుంది. తెరమీద చూస్తే 80, 90 శాతం మూసుకుపోయినట్టే ఉంటుంది. దక్షిణ కొరియా వైద్యులు ఇటువంటి పాయల్లో ప్రెషర్ వైరుతో రక్తప్రవాహాన్ని కొలిచి 2005లో ఫలితాలు ప్రచురించారు. కంటికి 75 శాతం, అంతకు మించి మూసుకున్నట్టు కనిపించిన 73 పాయల్లో నిజంగా ప్రవాహానికి అడ్డంకి ఉన్నవి 20 మాత్రమే. 75 శాతం లోపు కనిపించిన వాటిలో ఒక్కదానికీ లేదు. బొమ్మ అందంగా రావాలని రెండో స్టెంటు వేసే అలవాటుకు కళ్లెం వేసిన పరిశీలన ఇది. నార్డిక్ (ఉత్తర ఐరోపా) దేశాల వైద్యులు తర్వాత 477 మందిని తీసుకుని, ఒక స్టెంటు వేశాక అందరికీ తప్పనిసరిగా కిస్సింగ్ బెలూన్ చేస్తే మేలా అని చూశారు. ఆరు నెలల్లో గుండెపోటు, మరణం, మళ్లీ స్టెంటు వంటి వాటిలో తేడా రాలేదు. పాయ ద్వారం మళ్లీ సన్నబడటం మాత్రం కొంత తగ్గింది.

రెండు స్టెంట్ల పద్ధతుల్లో చాలా రకాలు ఉన్నాయి. పాయ దాదాపు లంబకోణంలో చీలితే ‘టీ’ పద్ధతిలో స్టెంటును సరిగ్గా ద్వారం దగ్గర నుంచి వేయవచ్చు. కోణం తక్కువైతే ద్వారం ఒక వైపు స్టెంటు లేని సందు మిగిలిపోతుంది. ఆ సందు రాకుండా పాయలోని స్టెంటు కొసను ప్రధాన నాళంలోకి కొద్దిగా పొడుచుకు వచ్చేలా వేసేది ‘ట్యాప్’. ఒక స్టెంటుతో మొదలుపెట్టి మధ్యలో రెండోది తప్పనిసరైనప్పుడు ఎక్కువగా అక్కరకు వచ్చేది ఇదే. ‘కులోట్’లో ముందు ఒక స్టెంటును ప్రధాన నాళంలోంచి ఒక పాయలోకి వేసి, దాని తీగల మధ్య నుంచి రెండో స్టెంటును రెండో పాయలోకి పంపుతారు, చీలికకు ఇవతల రెండు పొరల స్టెంటు ఏర్పడుతుంది. రెండు పాయలూ ఇంచుమించు ఒకే లావున్నప్పుడు ఇది బాగా కుదురుతుంది. ‘క్రష్’లో పాయలోని స్టెంటును ప్రధాన నాళంలోకి కొంచెం ముందుకు ఉంచి వేసి, ఆ ముందుకొచ్చిన భాగాన్ని గోడకు అణగదొక్కి, దానిపై ప్రధాన నాళపు స్టెంటు వేస్తారు. దీన్ని మొదట వివరించినది 2003లో ఇటలీకి చెందిన కొలంబో బృందం. ఇందులో పెద్ద ఇబ్బంది, అణిగిన ఆ తీగల పొరల్లోంచి వైరును, బెలూన్‌ను మళ్లీ పాయలోకి పంపి కిస్సింగ్ పూర్తి చేయలేకపోవడం. కిస్సింగ్ పూర్తికాని క్రష్‌కు ఫలితాలు బాగుండవు.

ఆ ఇబ్బందిని తొలగించడానికి చైనాలోని నాన్‌జింగ్ వైద్యుడు షావో లియాంగ్ చెన్ బృందం తీర్చిదిద్దినదే మీకు చెప్పిన డీకే (డబుల్ కిస్సింగ్) క్రష్. పాయలో స్టెంటు వేసి, బయటికొచ్చిన భాగాన్ని బెలూన్‌తో అణచిన వెంటనే, ప్రధాన స్టెంటు ఇంకా వేయకముందే, వైరును ఆ ఒక్క పొరలోంచి పాయలోకి పంపి మొదటి కిస్సింగ్ చేస్తారు. దాంతో అణిగిన తీగల మధ్య ద్వారం తెరుచుకుంటుంది. అప్పుడు ప్రధాన స్టెంటు వేసి, పాట్ చేసి, మళ్లీ పాయలోకి వైరు పంపి రెండో కిస్సింగ్, చివరి పాట్ చేస్తారు. ఒక స్టెంటు పద్ధతిలో వైరు అంచుకు దగ్గరి సందులోంచి వెళ్లాలన్నాను. ఇక్కడ అందుకు భిన్నంగా, అంచుకు దూరంగా ఇవతలి లేదా మధ్య సందులోంచి వెళ్లాలి. లేకపోతే వైరు స్టెంటుకూ గోడకూ మధ్య దూరి, తర్వాతి బెలూన్ స్టెంటునే వంచేయవచ్చు. ఇన్ని మెట్లున్న పని కాబట్టి దాని ఫలితం చేసేవారి చేతి మీద చాలా ఆధారపడుతుంది. నెలకు ఎన్ని చేస్తారని డాక్టరుగారిని అడగడంలో మొహమాట పడనక్కర్లేదు.

ఇప్పుడు మీ తమ్ముడు పంపిన పత్రాల సంగతి. ఆయన పంపినవి అబద్ధాలు కావు, కథలో సగభాగం. నార్డిక్ దేశాల్లో 413 మందిపై జరిగి 2006లో ప్రచురితమైన పరిశోధనలో రెండు స్టెంట్ల వల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు. సమయం, ఎక్స్‌రే, కాంట్రాస్ట్ మందు (నాళాలు ఎక్స్‌రేలో కనిపించేందుకు ఎక్కించేది) మాత్రం ఎక్కువయ్యాయి. ఇటలీ నేతృత్వంలోని కాక్టస్ పరిశోధన 350 మందిలో క్రష్‌ను ఒక స్టెంటుతో పోల్చినా తేడా తేలలేదు. 2010లో ప్రచురితమైన బ్రిటన్ పరిశోధన, ‘బీబీసీ వన్’, 500 మందిని తొమ్మిది నెలలు గమనించింది: మరణం, గుండెపోటు, ప్రధాన నాళం మళ్లీ పాడవడం వంటివి ఒక స్టెంటుతో మొదలుపెట్టిన వారిలో 8 శాతం, మొదటే రెండు వేసినవారిలో 15.2 శాతం. ఆ తేడాలో పెద్ద భాగం చికిత్స సమయంలోనే వచ్చిన గుండెపోట్లది. ఈ మూడింటి తర్వాత ప్రపంచమంతా ఒక స్టెంటు వైపు మొగ్గింది.

తర్వాత 2011లో డీకే క్రష్ రెండో పరిశోధన వచ్చింది. 370 మందిలో అదే నాళానికి మళ్లీ చికిత్స అవసరమైనవారు ఏడాదిలో డీకే క్రష్‌తో 6.5 శాతం, ఒక స్టెంటుతో 14.6 శాతం. మరణాలు, గుండెపోట్లు కూడా కలిపి లెక్కిస్తే వచ్చిన తేడా మాత్రం గణాంకాల పరీక్షకు నిలవలేదు. ఇంకో మాట: ఇందులో పాల్గొన్నవారికి నొప్పి ఉన్నా లేకపోయినా ఎనిమిదో నెలలో మళ్లీ యాంజియోగ్రామ్ చేయాలన్నది ముందే పెట్టుకున్న నియమం. సన్నబడిన ద్వారం తెరమీద కనిపిస్తే చికిత్స చేయాలనిపించడం సహజం. కొరియా పరిశీలన గురించి పైన రాసింది ఇక్కడ గుర్తుంచుకోండి.

మీ నాన్నగారి విషయంలో ఎక్కువగా పనికొచ్చేది 2020లో వచ్చిన ‘డెఫినిషన్ 2’ పరిశోధన. అందరినీ కాక, జటిలమైన బైఫర్కేషన్లు ఉన్న 653 మందినే ఇందులోకి తీసుకున్నారు. రెండు స్టెంట్లు వేసినవారిలో, ఎక్కువ మందికి డీకే క్రష్ పద్ధతిలోనే వేశారు, ఏడాదిలో గుండె సంబంధిత మరణం, ఆ నాళం వల్ల గుండెపోటు, ఆ పూడికకే మళ్లీ చికిత్స కలిపి 6.1 శాతం, ఒక స్టెంటుతో మొదలుపెట్టిన వారిలో 11.4 శాతం. ఈ తేడా చిన్నదేమీ కాదు. అయితే జటిలమనడానికి వారు పెట్టిన కొలతలు చూడండి. లెఫ్ట్ మెయిన్ (ఎల్‌ఏడీ మొదలయ్యే ఎడమ ప్రధాన నాళం) కాని చోట అయితే, పక్క పాయలో పూడిక కనీసం 90 శాతం ఉండాలి, పొడవు కనీసం 10 మిల్లీమీటర్లు ఉండాలి. దానికి తోడు క్యాల్షియం, కోణం, రక్తపు గడ్డ, పొడవాటి పూడిక వంటి ఆరు చిన్న లక్షణాల్లో కనీసం రెండు ఉండాలి. మీ నాన్నగారి డయాగ్నల్‌లో పూడిక 80 శాతం, పొడవు 6 మిల్లీమీటర్లు. క్యాల్షియం ఉన్నమాట నిజమే గానీ ముఖ్యమైన కొలత వద్దే ఆయన ఈ వర్గంలోకి రారు. ఆ పాయలో వ్యాధి ద్వారం దగ్గరే ఉంది, లోపలికి సాగలేదు. ఇటువంటి పాయ ఒక స్టెంటు, పాట్, అవసరమైతే కిస్సింగ్‌తో సాధారణంగా బాగానే నిలుస్తుంది.

అదే పూడిక లెఫ్ట్ మెయిన్ చీలిక దగ్గర ఉండి ఉంటే నా సమాధానం ఇంత సూటిగా ఉండేది కాదు. గుండె ఎడమ గదికి వెళ్లే రక్తంలో సింహభాగం ఆ నాళం గుండానే పోతుంది, అక్కడి ‘పక్క పాయ’ సర్కమ్‌ఫ్లెక్స్ అనే పెద్ద నాళం. 482 మందిపై జరిగి 2017లో వెలువడిన డీకే క్రష్ ఐదో పరిశోధనలో ఏడాది నాటి వైఫల్యాలు (గుండె మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స కలిపి) డీకే క్రష్‌తో 5 శాతం, ఒక స్టెంటుతో 10.7 శాతం. అంతకుముందు 2013లో కులోట్‌తో పోల్చినప్పుడు కూడా డీకే క్రష్‌దే పైచేయి: 6.2 శాతానికి 16.3 శాతం. వీటి ఆధారంగానే 2018 ఐరోపా మార్గదర్శకాలు లెఫ్ట్ మెయిన్ నిజమైన బైఫర్కేషన్లలో డీకే క్రష్‌ను ఎంచుకోవచ్చని రాశాయి. అక్కడా ‘ఎంచుకోవచ్చు’ అన్నారే గానీ ‘ఎంచుకోవాలి’ అనలేదు. 2021లో ఐరోపా వైద్యుల ‘ఈబీసీ మెయిన్’ 467 మందిలో మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స కలిపి, మెట్టుమెట్టుగా ఒక స్టెంటుతో మొదలుపెడితే 14.7 శాతం, మొదటే రెండు వేస్తే 17.7 శాతం అని చూపింది. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. ఒక స్టెంటుతో మొదలైనవారిలో 22 శాతానికి మాత్రమే రెండోది అవసరమైంది. రెండు పరిశోధనలూ ఎందుకు చెరో వైపు వెళ్లాయంటే, చైనా పరిశోధనలో పక్క పాయలోని పూడికలు ఐరోపా వాటికంటే సగటున రెట్టింపుకు పైగా పొడవు. పైగా ఐరోపా వైద్యులు రెండు స్టెంట్లకు ఎక్కువగా వాడింది కులోట్, డీకే క్రష్ కాదు. నా దృష్టిలో ఈ రెండూ ఒకదాన్నొకటి ఖండించుకోవడం లేదు. పాయలో పూడిక పొడవైతే రెండు, పొట్టిదైతే ఒకటి అని రెండూ కలిసే చెబుతున్నాయి.

మీ నాన్నగారి విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేవి వేరే రెండు ఉన్నాయి. ఒకటి క్యాల్షియం. గట్టిపడిన గోడ మీద స్టెంటు పూర్తిగా విచ్చుకోదు. విచ్చుకోని స్టెంటు ఒకటైనా రెండైనా మళ్లీ మూసుకుపోతుంది. అందుకే స్టెంటుకు ముందే క్యాల్షియాన్ని పగలగొట్టే కటింగ్ బెలూన్, రోటాబ్లేషన్, షాక్‌వేవ్ బెలూన్ వంటి వాటిలో ఏది అవసరమవుతుందో అడగండి. రెండోది మూత్రపిండాలు. 15 ఏళ్ల మధుమేహంతో క్రియాటినిన్ 1.4 ఉన్న మనిషికి కాంట్రాస్ట్ మందు ఎంత తక్కువ పడితే అంత మంచిది. అన్ని మెట్లున్న డీకే క్రష్‌కు అది సహజంగానే ఎక్కువ పడుతుంది. ఒక స్టెంటు వైపు నేను మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

హైదరాబాద్‌లో కెమెరా అన్నది ఐవస్ లేదా ఓసీటీ అయి ఉంటుంది. ఐవస్ శబ్ద తరంగాలతో, ఓసీటీ కాంతితో నాళం గోడను లోపలి నుంచి చూపుతాయి. క్యాల్షియం ఎంత లోతుందో, నాళం అసలు సైజు ఎంతో, స్టెంటు గోడకు ఆనిందో లేదో, వైరు సరైన సందులోంచే వెళ్లిందో లేదో వీటితో తెలుస్తుంది. 1201 మంది బైఫర్కేషన్ రోగులపై జరిగిన ‘అక్టోబర్’ పరిశోధన 2023లో వెలువడింది; ఓసీటీ చూస్తూ చేస్తే రెండేళ్లలో గుండె మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స కలిపి 10.1 శాతం, యాంజియోగ్రామ్ ఒక్కదానితో చేస్తే 14.1 శాతం. 2024 ఐరోపా మార్గదర్శకాలు లెఫ్ట్ మెయిన్, నిజమైన బైఫర్కేషన్, పొడవైన పూడికలకు లోపలి నుంచి చూసి చేయడాన్ని అత్యున్నత స్థాయి సిఫారసుగా పెట్టాయి. ఓసీటీకి ప్రతిసారీ కాంట్రాస్ట్ ఎక్కించాలి, ఐవస్‌కు అక్కర్లేదు. మీ నాన్నగారి మూత్రపిండాల దృష్ట్యా ఐవస్ నయం. స్టెంటు ధరకు 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టింది గానీ, ఈ ఇమేజింగ్ క్యాథెటర్ ఖర్చు స్టెంటు ధరలో కలిసి ఉండదు. ఆరోగ్యశ్రీ కింద గానీ బీమా కింద గానీ చేయిస్తుంటే, అది ప్యాకేజీలో ఉందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. రెండో స్టెంటుకు పెట్టే డబ్బు కంటే దీనికి పెట్టే డబ్బు మీకు ఎక్కువ ఉపకరిస్తుంది.

ఒక స్టెంటే వేశాక తర్వాత రెండోది వేయవచ్చా అంటే, వేయవచ్చు. అదే పూటలో అయితే సులువు. నెలల తర్వాత అయితే స్టెంటు తీగల మీద పొర కమ్ముకుని ఉంటుంది కాబట్టి కొంత కష్టం, అయినా అనుభవమున్నవారు చేస్తారు. పాయకు స్టెంటు బదులు మందు పూసిన బెలూన్ వాడే మార్గం కూడా ఇప్పుడు ఉంది. 784 మందిపై జరిగి 2024లో ప్రచురితమైన పరిశోధనలో, ప్రధాన స్టెంటు వేశాక బాగా సన్నబడిన పాయ ద్వారానికి మామూలు బెలూన్ వాడినవారిలో ఏడాదిలో 12.5 శాతానికి, మందు బెలూన్ వాడినవారిలో 7.2 శాతానికి గుండె సమస్యలు వచ్చాయి. తేడా ముఖ్యంగా గుండెపోట్లలో కనిపించింది. మీ నాన్నగారి డయాగ్నల్‌కు ఇది సరిపోవచ్చు. దీని గురించి ఇద్దరు డాక్టర్లనూ అడగండి.

మీరు అడగకపోయినా ఒక ముక్క చెప్పాలి. విశ్రాంతిలో నొప్పి లేని, పంపింగ్ బాగున్న రోగులకు స్టెంటు వేస్తే ఆయుష్షు పెరుగుతుందని రుజువు కాలేదు. 2020లో వచ్చిన ‘ఇస్కీమియా’ పరిశోధన 5179 మందిలో ఈ సంగతే చూపింది. నొప్పి తగ్గించడంలో మాత్రం స్టెంటుకు నిజమైన ప్రయోజనం ఉంది. మీ నాన్నగారికి మందులతో నొప్పి పూర్తిగా పోలేదు కనుక స్టెంటు ఆలోచన సబబే. ఒకే నాళంలో వ్యాధి ఉంది కాబట్టి బైపాస్ ప్రస్తావన కూడా ఇప్పుడు అక్కర్లేదు. మధుమేహంతో పాటు రెండు మూడు నాళాలు పాడై ఉంటే మాత్రం ముందు అదే ఆలోచించాలి. స్టెంటు తర్వాత ఆస్పిరిన్‌తో పాటు ఇచ్చే, రక్తాన్ని పలుచబరిచే రెండో మందును సాధారణంగా ఆరు నెలలైనా ఆపకూడదు. పన్ను పీకించుకోవాలన్నా, కంటి శుక్లం ఆపరేషన్ అన్నా, ముందు గుండె డాక్టరుకు ఫోన్ చేయకుండా ఎవరు చెప్పినా ఆపవద్దు.

పది రోజుల విషయానికి వస్తే, నొప్పి ఇప్పటిలాగే శ్రమ చేసినప్పుడు మాత్రమే వచ్చి, కూర్చోగానే తగ్గుతున్నంత కాలం ఆ వ్యవధి తీసుకోవచ్చు. ఈలోగా మందులు ఒక్క పూట కూడా తప్పించకండి, బరువులు మోయనివ్వకండి, సీడీని రెండు చోట్లా చూపించి పక్క పాయ పూడిక పొడవు, ఐవస్ సౌకర్యం, క్యాల్షియానికి వాడే పద్ధతి గురించి అడగండి. కూర్చుని ఉండగా నొప్పి వచ్చినా, నిద్రలోంచి నొప్పితో లేచినా, తక్కువ దూరానికే రావడం మొదలైనా, కూర్చున్నా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఒక స్టెంటా రెండా అన్న చర్చ అక్కడితో ఆపి, 108కు ఫోన్ చేసి, దగ్గర్లో క్యాథ్ ల్యాబ్ ఉన్న ఆసుపత్రికి అప్పటికప్పుడే తీసుకెళ్లండి.